మంచు దృశ్యాల ఎడిటింగ్‌కు డార్క్‌టేబుల్: వాడి చూసిన సమీక్ష

రా ఫైళ్లను (కెమెరా సెన్సార్ నమోదు చేసిన సమాచారాన్ని దాదాపు ఉన్నదున్నట్టు దాచే ఫైళ్లను) ఎడిట్ చేసే ఏ సాఫ్ట్‌వేర్ సత్తా తెలుసుకోవాలన్నా దానికి ఒక మంచు ఫొటో ఇచ్చి చూడాలని నా అభిప్రాయం. పచ్చని పొలం, సముద్రతీరం, మనిషి ముఖం వంటి వాటి విషయంలో ఈ రోజుల్లో దాదాపు అన్ని సాఫ్ట్‌వేర్లూ చూడదగ్గ ఫలితమే ఇస్తాయి. ఎండలో మెరిసే మంచు, దాని పక్కనే నల్లగా నిలబడిన ఫర్ చెట్లు లేదా ముదురు గోధుమరంగు కొండచరియ ఉన్న దృశ్యంలో మాత్రం తేడాలు బయటపడతాయి. మంచులోని అందమంతా లేత బూడిద రంగుకూ పూర్తి తెలుపుకూ మధ్య ఉండే ఇరుకైన జాగాలో ఉంటుంది. గాలి చెక్కిన అలలు, పాదాల గుర్తులు, వాలు మారిన చోట కనిపించే మెత్తని మసక అన్నీ అక్కడే దాగి ఉంటాయి. ఆ జాగాను చెరపకుండా విప్పి చూపించగలదా లేదా అన్న ఒక్క కొలబద్దతోనే ఇక్కడ డార్క్‌టేబుల్ అనే రా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ను పరిశీలిస్తున్నాను. నా తీర్పు ముందే చెబుతాను. నేను వాడిన వాటిలో ఈ పనికి ఇదే ఉత్తమం. అయితే దాని డిఫాల్ట్ సెట్టింగులు మంచుకు సరిపోవు. ఎక్కడెక్కడ మార్చుకోవాలో తెలియని వారు దీన్ని మొదటి ఫొటోతోనే పక్కన పెట్టేసే ప్రమాదం ఉంది కనుక, ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ మార్పుల గురించే ఉంటుంది.

డార్క్‌టేబుల్ పూర్తిగా ఉచితం. యోహానెస్ హనికా 2009లో ప్రారంభించిన ఈ సాఫ్ట్‌వేర్‌ను అప్పటినుంచి స్వచ్ఛంద డెవలపర్లు జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కింద అభివృద్ధి చేస్తున్నారు. మొదట్లో లినక్స్ వాడేవారికే ఎక్కువగా పరిచయమైన ఈ సాఫ్ట్‌వేర్ 2017 డిసెంబరులో వచ్చిన 2.4 వెర్షన్‌తో విండోస్‌కు కూడా అధికారికంగా చేరింది, మ్యాక్‌లోనూ పనిచేస్తుంది. మూల ఫైలును ఇది ముట్టుకోదు. మనం చేసిన మార్పులన్నీ పక్కనే ఒక ఎక్స్‌ఎంపీ ఫైలులో సూచనల రూపంలో భద్రమవుతాయి కాబట్టి, ఎన్ని నెలల తరువాతైనా వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఈ సమీక్షకు నేను వాడినది 5.0 వెర్షన్. ఫొటోలు రెండు చోట్లవి: శీతాకాలపు హిమాచల్ స్పీతి లోయలో కాజా పట్టణానికి ఉత్తరాన ఉన్న కీ గొంపా అనే బౌద్ధ మఠం పరిసరాలు, కశ్మీరులోని గుల్మార్గ్ వాలులు. హైదరాబాదు, విజయవాడ, విశాఖల నుంచి ఏటా చలికాలంలో కశ్మీరుకూ హిమాచల్‌కూ వెళ్లే మనవాళ్లు చాలామంది ఇప్పుడు రా ఫైళ్లు తీయగల కెమెరాలు వెంట తీసుకువెళ్తున్నారు. తిరిగి వచ్చాక ఆ ఫైళ్లతో ఏం చేయాలో తెలియక, కెమెరా తనంతట తానే కుదించి ఇచ్చిన జేపెగ్ ఫొటోలతోనే సరిపెట్టుకుంటున్నారు. ముఖ్యంగా వారిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లే ముందు, మంచు ఎందుకంత కష్టమో చూడాలి. కొత్తగా కురిసిన మంచు తనపై పడిన వెలుగులో 80 నుంచి 90 శాతం వరకు తిరిగి పంపుతుంది. సూదాకుల చెట్ల అడవి సుమారు పది శాతమే పంపుతుంది. అంటే రెండూ ఒకే ఎండలో ఉన్నా వాటి మధ్య తేడా మూడు స్టాప్‌ల దాకా ఉంటుంది (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు కావడం లేదా సగం కావడం). దానికి ఎండా నీడల తేడా కూడా తోడైతే, ఒకే ఫ్రేములో ఆరేడు స్టాప్‌ల అంతరం రావడం మామూలే. ఎత్తైన ప్రాంతాల్లో గాలి పలచబడి, చెదిరిన వెలుగు తగ్గుతుంది కనుక నీడలు ఇంకా చిక్కగా పడతాయి. పైగా కెమెరాలో వెలుగును కొలిచే మీటరు ఏ దృశ్యాన్నైనా మధ్యస్థ బూడిద రంగుగానే లెక్కిస్తుంది. ఫ్రేమంతా మంచే అయితే దాన్ని కూడా బూడిద రంగుకు దించేస్తుంది. అందుకే అనుభవం ఉన్నవారు మంచులో ఎక్స్‌పోజర్‌ను (సెన్సార్‌కు అందే వెలుగును) ఒకటి నుంచి రెండు స్టాప్‌ల వరకు పెంచి తీస్తారు.

రా ఫైలు విషయంలో ఒక మంచి సంగతి ఉంది. 14 బిట్‌ల ఫైలులో 16,384 మెట్లు ఉంటాయి. సెన్సార్ వెలుగును సరళరేఖలో నమోదు చేస్తుంది కాబట్టి వాటిలో సగం, అంటే 8,192 మెట్లు, అన్నిటికన్నా ప్రకాశవంతమైన ఒక్క స్టాప్‌కే దక్కుతాయి. సరిగ్గా ఎక్స్‌పోజ్ చేసిన ఫొటోలో ఎండలోని మంచు ఉండేది అక్కడే. ఫైలులో అత్యంత సమృద్ధిగా ఉన్న సమాచారం మంచుదే అన్నమాట. దాన్ని 256 మెట్ల జేపెగ్‌లోకి కుదించే దశలోనే ఆ సంపద చేజారిపోతుంది. కనుక మంచు ఎడిటింగ్‌లో ప్రధానమైన పని ఆ కుదింపును మన అదుపులో ఉంచుకోవడమే. డార్క్‌టేబుల్ బలం సరిగ్గా అక్కడే ఉంది.

మొదట చూడవలసింది రా ఓవర్‌ఎక్స్‌పోజర్ సూచిక. తెరపై కనిపించే తెలుపు మన ఎడిటింగ్ వల్ల వచ్చిందా, లేక సెన్సారే నిండిపోయిందా అన్నది వేరువేరుగా తెలియాలి. ఈ సాఫ్ట్‌వేర్ ఆ రెండింటికీ రెండు ప్రత్యేక సూచికలు ఇస్తుంది. చిత్రం కింద కుడివైపున్న బటన్లలో రా సూచికను నొక్కితే, మూల ఫైలులోనే నిండిపోయిన చోట్లు రంగు గుర్తులతో బయటపడతాయి. మంచు ఫొటోల్లో సాధారణంగా మూడు రంగుల ఛానళ్లలో ఆకుపచ్చది ముందుగా నిండుతుంది. ఎరుపు, నీలం ఇంకా మిగిలే ఉంటాయి. తెలుపు తెల్లగా కనిపించేలా రంగులను సర్దే వైట్ బ్యాలెన్స్ ఆ రెండింటినీ పెంచినప్పుడు మంచుపై గులాబీ మరకలు రావలసింది. హైలైట్ రీకన్‌స్ట్రక్షన్ మాడ్యూల్ వాటిని సరిదిద్దుతుంది (డార్క్‌టేబుల్‌లో ఒక్కో పనికీ ఉండే విడి పనిముట్టు మాడ్యూల్, ఫొటోలో బాగా వెలుగున్న చోట్లు హైలైట్లు). 2022 డిసెంబరులో వచ్చిన 4.2 వెర్షన్ నుంచి ఇందులో ఇన్‌పెయింట్ ఆపోజ్డ్ అనే పద్ధతి డిఫాల్టుగా ఉంది. మంచు తళుకుల వంటి చిన్న చిన్న చోట్లకు అది చక్కగా సరిపోతుంది. గైడెడ్ లాప్లాసియన్స్ పద్ధతి పెద్ద మచ్చలను ఇంకొంచెం నునుపుగా పూడుస్తుంది గానీ కంప్యూటర్‌ను బాగా నెమ్మదింపజేస్తుంది. మూడు ఛానళ్లూ నిండిపోయిన చోట ఏ పద్ధతైనా ఊహించి నింపడమే తప్ప అక్కడి అసలు వివరాన్ని తిరిగి తేలేదు. అందుకే ఈ సూచికను మొదటే చూసి, ఏది మిగిలి ఉందో, ఏది పోయిందో తేల్చుకుని, పోయిన చోటుపై సమయం పెట్టకుండా ముందుకు వెళ్లడం మేలు.

ఆ తరువాత ఎక్స్‌పోజర్ మాడ్యూల్. కొత్తవారు డార్క్‌టేబుల్‌ను మంచు విషయంలో అపార్థం చేసుకునేది ఇక్కడే అని నేను గట్టిగా నమ్ముతున్నాను. అసలు దృశ్యంలోని వెలుగు లెక్కల మీదే పనిచేసే సీన్ రిఫర్డ్ పద్ధతిలో ఫొటో తెరిచినప్పుడు, కెమెరాలో మనం పెట్టిన ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (కావాలని పెంచిన లేదా తగ్గించిన వెలుగును) రద్దు చేసే ఒక టిక్ ఈ మాడ్యూల్‌లో డిఫాల్టుగా వేసి ఉంటుంది. హైలైట్లను కాపాడుకోవడానికి కావాలని తక్కువ వెలుగుతో తీసేవారికి ఆ ఏర్పాటు బాగా ఉపయోగపడుతుంది. మంచు కోసం మనం శ్రద్ధగా పెంచిన స్టాపున్నరను కూడా అదే ఏర్పాటు తీసేస్తుంది. ఫొటో తెరవగానే మంచు మబ్బు పట్టిన రోజు సున్నపు గోడలా వెలవెలబోతుంది. ఆ టిక్ తీసేస్తే మీరు తీసిన వెలుగు మీకు తిరిగి వస్తుంది. లేదంటే టిక్ ఉంచి స్లైడర్‌ను పెంచుకున్నా ఫలితం ఒకటే. ఈ దశలో మంచు తెరపై పూర్తిగా తెల్లబారినట్టు కనిపించినా కంగారు పడనవసరం లేదు. డార్క్‌టేబుల్ లోపలి లెక్కల్లో తెలుపుకు పై హద్దంటూ లేదు. విలువలు ఒకటిని దాటినా తెగిపోకుండా అలాగే ముందుకు ప్రవహిస్తాయి. తెరకు సరిపడేలా వాటిని కుదించే పని చివర్లో వచ్చే మరో మాడ్యూల్‌ది. ఈ నిర్మాణం అర్థమైతే సాఫ్ట్‌వేర్ సగం చేతికి వచ్చినట్టే.

ఆ కుదింపుకు 5.0 వెర్షన్‌లో రెండు ప్రధాన మార్గాలు ఉన్నాయి: ఫిల్మిక్ ఆర్‌జీబీ, సిగ్మాయిడ్. రెండింటినీ ఒకేసారి వాడకూడదు. ఫిల్మిక్‌లో వైట్ రిలేటివ్ ఎక్స్‌పోజర్ అనే విలువ, మధ్యస్థ బూడిద రంగుకు ఎన్ని స్టాప్‌ల పైన పూర్తి తెలుపు రావాలో నిర్ణయిస్తుంది. సూర్యుడు ఫ్రేములో ఉన్నప్పుడో, మంచుపై మెరుపు చుక్కలు ఎక్కువగా ఉన్నప్పుడో దీని ఆటో బటన్ ఆ అత్యంత వెలుగునే కొలతగా తీసుకుంటుంది. ఫలితంగా అసలు మంచు కిందికి జారి, చప్పగా, బూడిదగా మారుతుంది. ఆటోను నమ్మకుండా చేత్తో తగ్గిస్తూ పోతే, ఒక చోట మంచు ఒక్కసారిగా ఊపిరి పోసుకున్నట్టు కనిపిస్తుంది, అక్కడ ఆగాలి. సిగ్మాయిడ్‌లో ప్రధానమైన స్లైడర్లు రెండే. ఒకటి కాంట్రాస్ట్‌ది. స్క్యూ అనే రెండోది కుదింపు ముదురు వైపు మొగ్గాలా లేత వైపు మొగ్గాలా అన్నది నిర్ణయిస్తుంది. తెలుపు వైపు అది వంగే తీరు ఎంతో మృదువుగా ఉంటుంది కనుక మధ్యాహ్నపు ఎండలోని మంచుకు నేను సిగ్మాయిడ్‌నే ఎంచుకుంటాను. సంధ్యవేళ, రంగుల తేడా తక్కువగా, వెలుగు తేడా ఎక్కువగా ఉన్న దృశ్యాల్లో ఫిల్మిక్ ఇచ్చే అదుపు నాకు ఎక్కువ నచ్చుతుంది.

ఇక ఈ సాఫ్ట్‌వేర్‌ను మంచు ఫొటోలకు నేను ఇంత గట్టిగా సిఫారసు చేయడానికి అసలు కారణం టోన్ ఈక్వలైజర్. 2019 డిసెంబరులో 3.0 వెర్షన్‌తో వచ్చిన ఈ మాడ్యూల్ చిత్రంలోని వెలుగును మైనస్ ఎనిమిది ఈవీ (ఒక ఈవీ అంటే ఒక స్టాప్) నుంచి సున్నా ఈవీ వరకు తొమ్మిది మెట్లుగా విడదీసి, ఒక్కో మెట్టును విడిగా పెంచడానికీ తగ్గించడానికీ వీలు కల్పిస్తుంది. ఫిల్ము రోజుల్లో, 1940 ప్రాంతంలో, అమెరికన్ ఫొటోగ్రాఫర్లు అన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి రూపొందించిన జోన్ సిస్టమ్ తెలిసినవారికి ఇది వెంటనే పరిచయమైనదిగా అనిపిస్తుంది. ఆ పద్ధతిలో పూర్తి నలుపు నుంచి పూర్తి తెలుపు వరకు పదకొండు జోన్‌లు ఉండేవి. వివరం కనిపించే మంచుకు ఎనిమిదో జోన్‌లో చోటు ఇచ్చేవారు. ఎంత వెలుగు వరకు మంచు మంచుగా కనిపిస్తుందో, ఎక్కడ దాటితే ఉత్త కాగితంగా మారుతుందో ఆ తరం ఫొటోగ్రాఫర్లు డార్క్‌రూములో చేతులతో నేర్చుకున్నారు. అదే విచక్షణను తెర మీద సాధించే పనిముట్టు ఇది.

దీని వాడకం చాలా సహజంగా ఉంటుంది. చిత్రంపై ఒక చోట మౌసు ఉంచితే ఆ చోటి వెలుగు ఏ మెట్టుకు చెందిందో కనిపిస్తుంది. అక్కడే చక్రం తిప్పితే ఆ మెట్టు వెలుగున్న ప్రాంతమంతా పెరుగుతుంది లేదా తగ్గుతుంది. కానీ మంచు ఫొటోలో మాడ్యూల్‌ను తెరిచిన వెంటనే ఇలా చేస్తే ఫలితం నిరాశపరుస్తుంది. కారణం ఇది: ఏ పిక్సెల్ ఏ మెట్టుకు చెందుతుందో నిర్ణయించే లోపలి మాస్క్‌లో (మార్పు ఎక్కడ ఎంత పడాలో చెప్పే పటంలో), మంచంతా కుడి అంచున ఒకటి రెండు మెట్లలో గుమిగూడి ఉంటుంది. అప్పుడు సున్నా ఈవీని కదిపితే మంచు మొత్తం ఒకే ముద్దగా కదులుతుంది, లోపలి అలలు విడివడవు. మాస్కింగ్ పేజీకి వెళ్లి, మాస్క్ ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, మాస్క్ కాంట్రాస్ట్ కాంపెన్సేషన్ అనే రెండింటినీ సర్దితే ఆ గుంపు తొమ్మిది మెట్ల మీదుగా పరుచుకుంటుంది. వాటి పక్కనే ఉన్న మంత్రదండం గుర్తులు ఈ పనిని చాలావరకు వాటంతట అవే చేస్తాయి. ఆ తరువాత అడ్వాన్స్‌డ్ పేజీలో పైనున్న రెండు మెట్లను అర స్టాపు చొప్పున దించి, వాటి కింది మెట్టును ఉన్నచోటే ఉంచండి. ఆరేసిన తెల్ల పంచెలోని మడతలు పక్కవెలుగులో తేలినట్టు, అప్పటిదాకా చదునుగా ఉన్న మంచులో గాలి గీతలు ఒక్కొక్కటే తేలతాయి.

పాత పద్ధతుల్లో హైలైట్లను ఇలా దించితే చెట్ల అంచుల చుట్టూ వెలుగు వలయాలు ఏర్పడేవి. ఈ మాడ్యూల్ అంచులను గుర్తించే ఫిల్టర్‌తో మాస్క్‌ను తయారుచేస్తుంది కాబట్టి ఆ బెడద చాలా తక్కువ. గుల్మార్గ్ ఫర్ చెట్ల కొమ్మల మధ్య నుంచి వెనుక ఎండ పడిన వాలు కనిపించే ఫొటోలు ఇందుకు కఠినమైన పరీక్ష. అక్కడ కొమ్మల చుట్టూ సన్నని మసక గీత వస్తే, మాస్కింగ్ పేజీలోనే ఉన్న ఎడ్జెస్ రిఫైన్‌మెంట్, స్మూతింగ్ డయామీటర్ విలువలను మార్చి చూస్తే సర్దుకుంటుంది. ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఇంత సులువైన పనిముట్టు చేతిలో ఉంటే చెట్ల నల్లదనాన్ని కూడా పైకి లేపి, ప్రతి ఆకూ చూపించాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. మంచు తెల్లదనం పక్కనున్న నలుపు మీద ఆధారపడి ఉంటుంది. చెట్లు బూడిద రంగుకు వచ్చిన మరుక్షణం మంచు కూడా మకిలిగా కనిపిస్తుంది, దాన్ని తెల్లగా చేయడానికి మళ్లీ పెంచితే వివరం పోతుంది. నీడ మెట్లను పావు స్టాపుకు మించి పెంచవలసిన అవసరం నాకు అరుదుగానే వచ్చింది.

రంగుల సంగతికి వస్తే, మంచు నీడలు నీలంగా ఉండటం కెమెరా లోపం అని చాలామంది అనుకుంటారు. నీడలో ఉన్న మంచుపై నేరుగా ఎండ పడదు. దాన్ని వెలిగించేది ఆకాశం ఒక్కటే, ఆకాశం నీలం. మధ్యాహ్నపు ఎండ వర్ణ ఉష్ణోగ్రత (అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలంగా మారే కొలత) సుమారు 5,500 కెల్విన్ అయితే, నిర్మలమైన ఆకాశం కింది నీడలో అది 8,000 నుంచి 10,000 దాకా, ఒక్కోసారి అంతకు పైనా ఉంటుంది. అంటే ఒకే ఫొటోలో రెండు వేరువేరు దీపాలు వెలుగుతున్నట్టు లెక్క. డార్క్‌టేబుల్‌లో వైట్ బ్యాలెన్స్ మాడ్యూల్‌ను దాని మూల విలువల దగ్గరే వదిలి, అసలు సర్దుబాటును కలర్ క్యాలిబ్రేషన్ మాడ్యూల్‌లో చేయాలి. ఆ మాడ్యూల్‌లో చిత్రం నుంచి రంగును ఎంచే పికర్‌తో ఎండ పడిన మంచుపై ఒక చిన్న చతురస్రం గీస్తే చాలు, ఎండలోని తెలుపు తటస్థంగా మారుతుంది. నీడలోని మంచుపై గీస్తే మాత్రం ఎండ పడిన మంచు పసుపు పచ్చగా తిరుగుతుంది. సూర్యోదయ, సూర్యాస్తమయ వేళల్లో తీసిన ఫొటోలకు పికర్ అసలే వద్దు. శిఖరంపై పడిన ఆ బంగారు వెలుగును తటస్థం చేశాక ఆ ఫొటోకు మిగిలేది ఏమీ ఉండదు.

నీడల్లోని నీలం మరీ ఎక్కువనిపించినప్పుడు దాన్ని తగ్గించడం న్యాయమే, ఎందుకంటే మన కళ్లు అక్కడ ఉన్నప్పుడు ఆ నీలాన్ని చాలావరకు సర్దుకుని చూస్తాయి. అందుకు కలర్ బ్యాలెన్స్ ఆర్‌జీబీలో షాడోస్ అనే విభాగం కనిపించగానే దానివైపు చెయ్యి వెళ్తుంది. మంచు విషయంలో అది గురి తప్పుతుంది. నీడలో ఉన్న మంచు వెలుగు కొలతలో మధ్యస్థానికి దగ్గరలోనో, దానికి పైనో ఉంటుంది. షాడోస్ విభాగం కదిలించేది చెట్లనూ రాళ్లనూ. మాస్కుల పేజీలో హద్దులు జరుపుకోవచ్చు గానీ, రంగు ఛాయను బట్టి నీలాన్ని మాత్రమే ఎంచుకునే పారామెట్రిక్ మాస్క్ పెట్టడం ఇంతకన్నా తేలిక. హిమాలయాల్లో ఆకాశం కూడా ముదురు నీలమే కనుక అది కూడా ఆ మాస్క్‌లో పడుతుంది. పైనుంచి క్రమంగా పలచబడే ఒక గ్రేడియంట్ మాస్క్ గీసి, ఆకాశాన్ని మినహాయించేలా రెండింటినీ కలపాలి. ఇలా గీసిన మాస్క్‌నూ విలువల మాస్క్‌నూ ఒకే చోట కలపనివ్వడం డార్క్‌టేబుల్‌లో నాకు ఎంతో ఇష్టమైన సౌకర్యం. 2024లో 4.8 వెర్షన్‌తో వచ్చిన కలర్ ఈక్వలైజర్ మాడ్యూల్ కూడా ఇదే పనిని మరో దారిలో, మాస్కు అవసరం తక్కువగా చేస్తుంది. నీలాన్ని సగం తగ్గించి ఆపడం నా అలవాటు. పూర్తిగా తీసేసిన ఫొటోలో చలి కనిపించదు.

కీ గొంపా ఫొటోలో ఈ దశలన్నీ ఒకే చోట అవసరమయ్యాయి కనుక దాన్ని కొంచెం వివరిస్తాను. 4,166 మీటర్ల ఎత్తులో, శంఖాకారపు కొండపై ఒకదానిపై ఒకటి పేర్చినట్టుండే ఆ మఠం గోడలు తెల్ల సున్నంతో ఉంటాయి. చుట్టూ మంచు, వెనుక గోధుమరంగు చరియలు, పైన దాదాపు నలుపుకు దగ్గరైన నీలాకాశం. ఇందులో తెలుపులు రెండు: గోడల తెలుపు, మంచు తెలుపు. గోడలది కొద్దిగా పసుపు కలిసిన, మెరుపు లేని తెలుపు. మంచుది అంతకన్నా ప్రకాశవంతమైన, చల్లని తెలుపు. ఆటో సర్దుబాటు ఈ రెండింటినీ ఒకే తెలుపులో కలిపేస్తుంది, అప్పుడు మఠం కొండలో కరిగిపోయినట్టు కనిపిస్తుంది. ఎక్స్‌పోజర్ టిక్ తీసి, సిగ్మాయిడ్ కాంట్రాస్ట్‌ను కొంచెం తగ్గించి, టోన్ ఈక్వలైజర్ మాస్క్‌ను పరిచాక, గోడల వెలుగు మంచు వెలుగుకన్నా ఒక మెట్టు కిందికి వచ్చింది. మంచుపై పికర్ పెట్టి దాన్ని తటస్థం చేయడంతో గోడల్లోని ఆ చిన్న వెచ్చదనం దానంతటదే తేలింది. గోడలకు విడిగా ఏమీ చేయనవసరం రాలేదు. కిటికీల చుట్టూ ఉన్న ముదురు పట్టీలను అలాగే వదిలేశాను. మొత్తం మీద ఐదు మాడ్యూళ్లే వాడాను, వాటిలోనూ మాస్కు గీసినది నీడల నీలానికి ఒక్కచోటే.

పదును విషయంలో పెద్దగా చెప్పవలసింది లేదు. డిఫ్యూజ్ ఆర్ షార్పెన్ మాడ్యూల్‌లోని సిద్ధమైన ప్రీసెట్లు చక్కగా ఉన్నాయి, కానీ మంచుకు వాటిని తక్కువ మోతాదులోనే వాడాలి. ఎక్కువైతే మంచు ఇసుకలా కనిపిస్తుంది. ఈ మాడ్యూల్ బరువైనది కూడా. లెక్కలను గ్రాఫిక్స్ కార్డుతో చేయించే ఓపెన్‌సీఎల్‌కు అనువైన కార్డు లేని పాత ల్యాప్‌టాపుల్లో ప్రతి మార్పుకూ కొంతసేపు ఎదురుచూడవలసి వస్తుంది. నాయిస్ అనే గరుకు చుక్కలను తగ్గించే ప్రొఫైల్డ్ డీనాయిజ్ మాడ్యూల్ కెమెరా పేరును బట్టి తనంతట తానే సర్దుకుంటుంది. పగటి మంచుకు దానితో పెద్దగా పని ఉండదు.

ఎక్కువమంది గమనించని, నా దృష్టిలో మంచు ఫొటోలకు అత్యవసరమైన సౌకర్యం మరొకటి ఉంది: కలర్ అసెస్‌మెంట్ మోడ్. ముదురు బూడిద రంగు తెర మధ్యలో పెట్టిన మంచు ఎప్పుడూ ఉన్నదానికన్నా తెల్లగా కనిపిస్తుంది. ఆ భ్రమలో ఫొటోను మసకగానే వదిలేస్తాము. కంట్రోల్, బి మీటలను కలిపి నొక్కితే ఫొటో చుట్టూ అసలైన తెల్లని చట్రం, దాని బయట మధ్యస్థ బూడిద రంగు వస్తాయి. ఆ తెలుపు పక్కన మన మంచు నిజంగా ఎంత తెల్లగా ఉందో, ఎంత మకిలిగా ఉందో క్షణంలో తేలిపోతుంది. ఎడిటింగ్ చివర్లో ఒకసారి చూసి వదిలేయకుండా, మొదటినుంచీ ఈ మోడ్‌లోనే పనిచేయమని నా సలహా. దీనికి తోడుగా కుడివైపు పైన వెలుగు పంపకాన్ని చూపే హిస్టోగ్రామ్ బదులు వేవ్‌ఫామ్ గ్రాఫు పెట్టుకుంటే, మంచు పై అంచుకు ఎంత దూరంలో ఉందో ఎడమ నుంచి కుడికి చిత్రంలాగే చదువుకోవచ్చు.

లోపాలు కూడా ఉన్నాయి, వాటిని తేలిగ్గా తీసుకోలేము. వేరువేరు ఎక్స్‌పోజర్‌లతో తీసిన ఫొటోలను కలిపి, వెలుగులోనూ నీడలోనూ వివరం నిలిచే ఒకే హెచ్‌డీఆర్ ఫైలు చేసే సౌకర్యం ఉంది గానీ, అది ఫొటోలను ఒకదానిపై ఒకటి సరిగ్గా అమర్చదు. స్టాండు మీద కెమెరా కదలకుండా తీసినవైతేనే పనికివస్తుంది. గడ్డకట్టిన చేతులతో తీసిన మూడు ఫొటోలను కలపాలంటే వేరే సాఫ్ట్‌వేర్ వెతుక్కోవాలి. పనోరమాలు కుట్టడానికి కూడా హుగిన్ వంటి మరొకటి కావాలి. 5.0 వెర్షన్‌లో ఆకాశాన్నో మనిషినో తనంతట తాను గుర్తించి మాస్కు వేసే ఏర్పాటు లేదు. అడోబీ సంస్థ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో 2021 నుంచి ఒక్క నొక్కుతో ఆకాశం ఎంపికైపోతోంది. పర్వత శిఖరాల అంచు వెంబడి చేత్తో మాస్కు గీసినవారికి ఆ తేడా విలువ బాగా తెలుస్తుంది. ఒకే పనిని చేసే మాడ్యూళ్లు రెండు మూడు చొప్పున ఉండటం మరో ఇబ్బంది. షాడోస్ అండ్ హైలైట్స్, బేస్ కర్వ్ వంటి పాత మాడ్యూళ్లు ఇంకా అందుబాటులోనే ఉన్నాయి, వాటిని వాడమని చెప్పే పాత వీడియోలు ఇంటర్నెట్‌లో కొల్లలు. మంచుపై వలయాలు తెచ్చిపెట్టేవి చాలావరకు అవే. కొత్తగా నేర్చుకునేవారు 2020కి ముందరి పాఠాలను పక్కన పెట్టడం మంచిది.

మిగతావాటితో పోల్చమంటే క్లుప్తంగా చెబుతాను. యాత్ర నుంచి వచ్చిన రాత్రే వందలాది ఫొటోలు బంధువులకు పంపాలనుకునేవారికి లైట్‌రూమ్ తగినది. దాని హైలైట్స్ స్లైడర్ ఒక్కటే మంచును చాలావరకు దారికి తెస్తుంది, దానికి క్రమం తప్పకుండా చందా కడుతూ ఉండాలి. రా థెరపీ అనే రా ఎడిటర్ కూడా ఉచితమే, పోయిన హైలైట్లను రాబట్టడంలో మంచి పేరున్నదే. ఫొటోలో ఒక భాగాన్నే సర్దే పద్ధతి మాత్రం దానిది వేరు, నాకు డార్క్‌టేబుల్ మాస్కులే చేతికి వాటంగా ఉన్నాయి. ఉచిత ఫొటో ఎడిటర్ జింప్ సొంతంగా రా ఫైలును తెరవదు. దానికి ముందు డార్క్‌టేబులో రా థెరపీయో ఉండాల్సిందే. కెమెరా జేపెగ్‌లు మాత్రమే ఉన్నవారికి డార్క్‌టేబుల్ అంతగా ఉపయోగపడదని కూడా చెప్పాలి. పైన వివరించిన ఆ 8,192 మెట్లు జేపెగ్‌లో లేవు, ఒకసారి చెరిగిన మంచును ఏ ఈక్వలైజరూ తిరిగి తేలేదు.

హిమాలయాలదాకా వెళ్లకముందే ఈ పద్ధతిని సాధన చేయాలనుకునేవారికి శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మడులు చక్కని చోటు. నడి ఎండలో తెల్లగా మెరిసే ఉప్పు కుప్పలు, పక్కనే ముదురు మట్టి గట్లు. మీటరు పడే తికమక అదే, టోన్ ఈక్వలైజర్‌లో చేయవలసిన పనీ అదే.

చివరిగా ముద్రణ గురించి. తెరపై పూర్తి తెలుపుకు కనీసం వెలుగైనా ఉంటుంది. కాగితంపై 255 విలువ (జేపెగ్ 256 మెట్లలో అత్యధికం) ఉన్న చోట సిరా అసలే పడదు, అక్కడ మంచుకు బదులు ఉత్త కాగితం కనిపిస్తుంది. కనుక ల్యాబుకు పంపే కాపీలో ఎండ పడిన మంచును 240, 245 విలువల దగ్గర నిలిపి, అంతకు పైనున్న జాగాను తళుకులకు మాత్రమే వదలాలి. డార్క్‌టేబుల్‌లోని సాఫ్ట్‌ప్రూఫ్ సౌకర్యంతో తన ప్రింటరు రంగుల తీరును వివరిస్తూ ల్యాబు ఇచ్చే ప్రొఫైలును జోడించి, ఫలితాన్ని ముందే చూడవచ్చు. ప్రొఫైలు ఇవ్వని ల్యాబుకైతే ఎస్‌ఆర్‌జీబీ అనే సాధారణ రంగుల ప్రమాణంలోనే ఎగుమతి చేసి, పూర్తి సైజుకు ముందు ఒక చిన్న ప్రింటు తీయించి, పగటి వెలుతురులో కిటికీ దగ్గర పెట్టి చూసుకోండి. అందులో మంచు మకిలిగా అనిపిస్తే టోన్ ఈక్వలైజర్‌ను ముట్టుకోకుండా ఎక్స్‌పోజర్‌ను పదోవంతు స్టాపు చొప్పున పెంచుకుంటూ వెళ్లండి.